కాలినడక యాత్రల్లో మోసాలు: చాదర్‌ఘాట్ నుంచి అలిపిరి మెట్ల దాకా

కొండదారి పట్టిన భక్తుల, ట్రెక్కింగ్‌కు వెళ్లేవాళ్ల తొందరనూ అలసటనూ ఊరు తెలియనితనాన్నీ ఆసరా చేసుకుని డబ్బు గుంజే పద్ధతులన్నీ ఈ వ్యాసం పరిధిలోకి వస్తాయి. తెలుగువాళ్లు ఎక్కువగా నడిచే కొండదారులు తిరుమలవి. వాటి తర్వాత నల్లమలలో శ్రీశైలం కాలిబాట, సలేశ్వరం లోయ, పొరుగున శబరిమల, దూరాన కేదార్‌నాథ్. వీటన్నిటికీ ఒక పోలిక ఉంది. నడకకు డబ్బు అక్కర్లేదు, ఉన్నా స్వల్పమే. అందుకే నడకకు ముందూ వెనకా ఉండేవాటిని అమ్మకానికి పెడతారు: టోకెను, గది, బండి, అడవి అనుమతి, దర్శనం. మెట్ల మీద జరిగే మోసం తక్కువ. చాలావరకు మొదటి మెట్టుకు ముందే, ఫోన్‌లోనో బస్టాండ్‌లోనో, కథ ముగిసిపోతుంది. కాబట్టి ఈ పరిశీలనను కొండ కింద కాకుండా హైదరాబాదులో మొదలుపెట్టడమే సబబు.

చాదర్‌ఘాట్, నాంపల్లి: బయలుదేరే చోటు

కోఠీకీ మలక్‌పేటకీ నడుమ, మూసీ ఒడ్డున ఉంది చాదర్‌ఘాట్. బ్రిటిష్ రెసిడెన్సీ వైపును అవతలి ఒడ్డుతో కలుపుతూ 1831లో కట్టిన ఆలిఫెంట్ వంతెన ఇక్కడిదే. ఇప్పుడు దాని పొరుగున ఇమ్లీబన్‌లో మహాత్మా గాంధీ బస్ స్టేషన్ (ఎంజీబీఎస్) ఉంది. కాచిగూడ, నాంపల్లి రైల్వే స్టేషన్లు రెండూ ఆటో దూరమే. తిరుపతి, శ్రీశైలం బస్సులు ఎంజీబీఎస్‌లో ఎక్కొచ్చు, వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ కాచిగూడలో బయల్దేరుతుంది. 2020 ఫిబ్రవరిలో మెట్రో రెండో దారి కూడా ఎంజీబీఎస్‌లో కలిశాక, నగరంలో ఏ మూల నుంచైనా బ్యాగు తగిలించుకుని ఇక్కడికి చేరడం తేలికైంది. జనం చేరే చోటికే దళారీ చేరతాడు.

బస్టాండ్ గేటు బయటా, స్టేషన్ ముందూ వినిపించే పిలుపు ఇలా ఉంటుంది: "ఏడికి పోవాలె అన్నా? తిరుపతా? బస్సు, రూము, దర్శనం అన్నీ మేమే జేపిస్తం. నడిచి పోతరా? టోకెన్ గూడ ఇప్పిస్తం." ఈ నాలుగు ముక్కల్లో మొదటి రెండూ మామూలు వ్యాపారమే. బస్సు సీటు, ప్రైవేటు లాడ్జి గది ఎవరైనా అమ్మొచ్చు. మూడోదీ నాలుగోదీ అమ్మే హక్కు అతనికి లేదు. దర్శన టికెట్లు భక్తుడి పేరు మీద, గుర్తింపు కార్డు నంబరు మీద తిరుమల తిరుపతి దేవస్థానమే (టీటీడీ) ఇస్తుంది. నడిచి వెళ్లేవాళ్లకు ఇచ్చే దర్శనం టోకెన్‌కైతే అసలు ధరే లేదు. అయినా "మొత్తం కలిపి ఇంత" అని ఒకే అంకె చెప్పేసరికి దేనికి ఎంత కడుతున్నామో అడగడం మరిచిపోతాం. ప్యాకేజీని విడగొట్టి అడిగితే చాలా బేరాలు అక్కడే తెగిపోతాయి. బస్సుకు ఎంత, గదికి ఎంత, దర్శనం టికెట్ ఏ రకం, దాని మీద ఎవరి పేరు ఉంటుంది, రద్దయితే ఎంత తిరిగొస్తుంది? ఈ ప్రశ్నలకు కాగితం మీద జవాబు రాసిచ్చేవాడు నిజంగా ట్రావెల్స్ నడిపేవాడు. "ఆడికి పోయినంక మనోడు జూస్కుంటడు" అన్నవాడికి అడ్వాన్సు ఇవ్వకపోవడమే మేలు.

ఇక్కడే ఇంకో చిన్న కొనుగోలు ఉంది. కోఠీ, అబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పేరున్న కంపెనీల ముద్రతో బూట్లు, బ్యాక్‌ప్యాకులు చవగ్గా దొరుకుతాయి. అమ్మేవాడు కూడా వాటిని అసలువని అనడు, "ఫస్ట్ కాపీ" అంటాడు. ఇది మోసమా కాదా అన్నది పక్కన పెట్టినా, రెండువేలో మెట్టు దగ్గర అడుగుభాగం ఊడొచ్చే బూటు చవకబేరం కాదు. తిరుమల మెట్ల మీద చాలామంది చెప్పుల్లేకుండానే నడుస్తారు కనుక తిరుపతి యాత్రకు అసలు బూటే అనవసరం. నల్లమలకు వెళ్లేవాళ్లు మాత్రం ఆలోచించుకోవాలి.

గందరగోళం ఉన్న రోజు దళారీకి పండగ. 2025 సెప్టెంబరు చివర్లో మూసీ పొంగి ఎంజీబీఎస్‌లోకి నీళ్లొచ్చినప్పుడు ప్రయాణికులను బయటికి తరలించి, బస్సులను నగరంలో వేరేవేరే చోట్ల నుంచి నడిపారు. బస్సు ఎక్కడ ఆగుతుందో తెలియని అలాంటి వేళల్లో దారిన పోయేవాడి మాట కంటే ఆర్టీసీ విచారణ నంబరే నమ్మదగ్గది. తిరుమల సేవల గురించి నగరంలోనే అడిగి తెలుసుకోవాలనుకుంటే హిమాయత్‌నగర్‌లో టీటీడీ బాలాజీ భవన్ ఉంది. అబిడ్స్ నుంచి పెద్ద దూరమేమీ కాదు.

అలిపిరి, శ్రీవారి మెట్టు

తిరుమలకు నడక దారులు రెండు. తిరుపతిని ఆనుకుని ఉన్న అలిపిరి దారిలో మెట్లు సుమారు 3,550, దూరం తొమ్మిది కిలోమీటర్ల దాకా. శ్రీనివాసమంగాపురం వైపు నుంచి ఎక్కే శ్రీవారి మెట్టు దారిలో సుమారు 2,388 మెట్లు, రెండు కిలోమీటర్ల పైచిలుకు. 1944లో మొదటి ఘాట్ రోడ్డు వచ్చేదాకా కొండెక్కాలంటే నడవాలి, లేదా డోలీ ఎక్కాలి. రోడ్డు వచ్చాక నడక మొక్కుగా మిగిలింది. ఆ మొక్కును గౌరవించి టీటీడీ నడిచొచ్చేవాళ్లకు దివ్యదర్శనం టోకెన్లు ఇవ్వడం మొదలుపెట్టింది. కరోనాతో 2020లో ఆగిన ఈ టోకెన్లు 2023 ఏప్రిల్‌లో మళ్లీ మొదలయ్యాయి. అప్పట్లో రోజుకు అలిపిరి దారిలో 10,000, శ్రీవారి మెట్టు దారిలో 5,000 ఇచ్చారు.

టోకెన్ ఉచితం. ఆధార్ చూపించినవాళ్లకే ఇస్తారు. తీసుకుని కారెక్కి కొండమీదికి పోతే కుదరదు, మెట్ల దారి మధ్యలో స్కాన్ చేయించుకోవాలి. ఇంత పకడ్బందీగా ఉన్నదాన్ని అమ్మడం ఎలా సాధ్యం? సాధ్యమయ్యేది సమయాన్ని అమ్మడం వల్ల. టోకెన్ల సంఖ్యకు రోజువారీ హద్దు ఉంది, అవి పొద్దున్నే అయిపోతాయన్న భయం ఉంది. తెల్లవారుజామున రైలు దిగిన కుటుంబాన్ని పలకరించే మాట ఇది: "టోకెన్లు అయిపోతా ఉండాయి సార్. మన బండి ఎక్కితే నేరుగా కౌంటరు కాడికి తీసకపోతా. లోపల మనోడు ఉండాడు." లోపల ఎవరూ ఉండరు. ఉన్నది మామూలు వరుసే. అతను అమ్మింది స్టేషన్ నుంచి కౌంటర్ దాకా బండి ప్రయాణం, అదీ రెండింతల ధరకు. టోకెన్ దొరికితే అతని పుణ్యం, దొరక్కపోతే "లేటయింది సార్". దీన్ని పూర్తిగా మోసమని కేసు పెట్టడమూ కష్టమే.

శ్రీవారి మెట్టు ఊరికి దూరం కావడంతో ఈ ఆటో, జీపు బేరం అక్కడ మరీ ముదిరిందన్న ఫిర్యాదులు వచ్చాయి. 2025 జూన్‌లో టీటీడీ ఆ దారి టోకెన్ల జారీని అలిపిరి దగ్గరి భూదేవి కాంప్లెక్స్‌కు తాత్కాలికంగా మార్చింది. టోకెన్ తీసుకున్నాక శ్రీవారి మెట్టుకు వెళ్లి నడవాలి, పన్నెండువందలో మెట్టు దగ్గర స్కాన్ చేయించుకోవాలి. ఇలాంటి మార్పు జరిగిన ప్రతిసారీ పాత సమాచారంతో వచ్చినవాళ్లు కొన్నాళ్లు చిక్కుల్లో పడతారు. పోయినేడు వెళ్లొచ్చిన బంధువు చెప్పిన దారి ఈ ఏడు పనికిరాకపోవచ్చు. బయల్దేరే ముందు టీటీడీ కాల్ సెంటర్ 155257కు ఫోన్ చేసి టోకెన్లు ఎక్కడ, ఎన్నింటికి అని అడిగితే సరిపోతుంది.

టోకెన్ లేకపోతే దర్శనమే లేదన్న భయం కూడా అనవసరం. టోకెన్ లేనివాళ్లు సర్వదర్శనం వరుసలో నిలబడొచ్చు, గంటలు ఎక్కువ పడతాయి అంతే. తిరుపతిలో విష్ణు నివాసం, శ్రీనివాసం, భూదేవి కాంప్లెక్సుల్లో సమయం వేసి ఇచ్చే సర్వదర్శనం టోకెన్లూ ఉచితమే. ఉచితమైనదానికి కూడా ఎంత ఒత్తిడి ఉంటుందో 2025 జనవరి 8 రాత్రి తెలిసింది. వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చిన జనంలో తొక్కిసలాట జరిగి ఆరుగురు చనిపోయారు. ఈ ఒత్తిడే దళారీ పెట్టుబడి.

మెట్ల మీదికి వచ్చాక జరిగేవి చిల్లర వ్యవహారాలు. పిలవకుండానే నుదుట నామం దిద్ది చేయి చాపేవాళ్లు, ప్రతి మెట్టుకూ పసుపు కుంకుమ పెట్టాలంటూ ఒకటికి నాలుగు పొట్లాలు అంటగట్టేవాళ్లు, ధర ముందు చెప్పకుండా నిమ్మకాయ సోడా కలిపి ఇచ్చేవాళ్లు. నామం దిద్దకముందే చేయి అడ్డం పెట్టి "వద్దు స్వామీ" అంటే అక్కడితో సరి. సామాన్ల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. నడిచేవాళ్ల బ్యాగులను టీటీడీయే కింది కౌంటర్‌లో తీసుకుని కొండమీదికి ఉచితంగా చేరుస్తుంది, రసీదు ఇస్తుంది. "నేను మోసుకొస్తా, నేను బండిలో వేస్తా" అన్నవాడికి బ్యాగు అప్పగించాల్సిన పనే లేదు. కొండమీద అన్నప్రసాదం, ఊరు తిరగడానికి ధర్మరథం బస్సులు, కల్యాణకట్టలో తలనీలాలు తీయడం కూడా డబ్బుతో పనిలేనివే. గుండు గీసినందుకు కానుక అడిగితే ఇవ్వక్కర్లేదు.

ఈ దారిలో భయాన్ని కూడా అమ్మొచ్చు. 2023 జూన్‌లో ఏడో మైలు దగ్గర చిరుత ఒక చిన్న పిల్లవాడిని ఈడ్చుకెళ్లి వదిలేసింది. ఆగస్టులో అదే దారిలో ఆరేళ్ల పాప ప్రాణమే పోయింది. ఆ తర్వాత టీటీడీ పిల్లలతో నడిచే వేళల మీద ఆంక్షలు పెట్టింది, భక్తులకు చేతికర్రలు ఇచ్చింది. కర్రల మీద ఎన్ని హాస్యాలు పుట్టినా, ఆంక్షలు మాత్రం నిజమైనవి. "పిల్లలున్నా పర్లేదు, ఈ వేళకు మేం పంపిస్తాం" అన్న హామీ కొనడం డబ్బు పోగొట్టుకోవడం కంటే పెద్ద తప్పు.

ఒక చిన్న గీత తేడా

నకిలీ వెబ్‌సైట్ల సంగతికి వస్తే ఒక ఉదాహరణను దగ్గర్నుంచి చూడటం మంచిది. 2023 ఏప్రిల్‌లో టీటీడీ ఫిర్యాదు మీద తిరుమల పోలీసులు ఒక నకిలీ సైటుపై కేసు పెట్టారు. అప్పటికే అలాంటివి నలభై దాకా గుర్తించారు, ఇది నలభై ఒకటోది. అసలు సైటు చిరునామా ఇలా ఉండేది: తిరుపతిబాలాజీ, చుక్క, ఏపీ, చుక్క, జీఓవీ, చుక్క, ఐఎన్. నకిలీది: తిరుపతిబాలాజీ, గీత, ఏపీ, గీత, జీఓవీ, చుక్క, ఓఆర్‌జీ. చుక్క ఉండాల్సిన చోట అడ్డగీత, చివర్న మూడక్షరాల తేడా. లోపల స్వామి బొమ్మ అదే, రంగులు అవే. ఫోన్ తెర మీద పెద్దవాళ్లు ఆ గీతను చూడగలరా? నాకు నమ్మకం లేదు.

చూడాల్సింది చిరునామా చివరి ముక్క. మన దేశంలో ప్రభుత్వ సైటు అయితే చాలావరకు చివర్న జీఓవీ, చుక్క, ఐఎన్ ఉంటుంది, దాని తర్వాత ఇంకేమీ ఉండదు. టీటీడీ సైటునని చెప్పుకునేదానికి ముందు ఎంత పెద్ద పేరున్నా చివర ఇది లేకపోతే కార్డు నంబరు కొట్టకూడదు. దేవస్థానాలన్నీ ఈ చివర వాడవు కాబట్టి, శ్రీశైలంలాంటి చోట గది కావాలంటే సెర్చ్‌లో మొదట కనిపించిన ఫలితాన్ని కాకుండా ఆ దేవస్థానం ప్రకటించిన సైటునే తెరవాలి. శ్రీశైలం వసతి గదుల పేరుతో నకిలీ సైట్లు పెట్టి డబ్బు కట్టించుకున్న సంఘటనలు పదేపదే బయటపడ్డాయి. రసీదు చూపిస్తే కౌంటర్‌లో "ఇది మాది కాదు" అంటారు. అర్ధరాత్రి, పిల్లలతో, శివరాత్రి రద్దీలో ఆ మాట వినాల్సి వస్తుంది.

ఈ సైట్ల వెనక పద్ధతి దాదాపు ఒక్కటే. పేజీలో ఒక మొబైల్ నంబరు ఉంటుంది. ఫోన్ చేస్తే మర్యాదగా మాట్లాడి, వాట్సాప్‌లో గది ఫొటోలు పంపి, క్యూఆర్ కోడ్ పంపుతారు. డబ్బు కట్టాక "సగం కడితే సిస్టమ్ తీసుకోలేదు, మొత్తం కట్టండి, మిగతాది తిరిగొస్తుంది" అంటారు. చివరికి తిరిగివ్వడం పేరుతో మరో కోడ్ పంపి పిన్ నొక్కమంటారు. రెండు గుర్తులు చాలు. దేవస్థానానికి కట్టే డబ్బు ఒక మనిషి పేరున్న యూపీఐ ఖాతాలోకి పోదు. డబ్బు మన ఖాతాలోకి రావడానికి పిన్ నొక్కే పనే ఉండదు.

సిఫార్సు లేఖ, ప్యాకేజీ కోటా

హైదరాబాదు దళారీ చేతిలో చాలాకాలం ఉన్న మాట "కోటా". అది పూర్తిగా అబద్ధమూ కాదు. వివిధ రాష్ట్రాల పర్యాటక సంస్థలకూ ఆర్టీసీలకూ టీటీడీ రూ.300 ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్ల కోటా ఇచ్చేది. ప్రభుత్వ పర్యాటక బస్సు ఎక్కితే టికెట్ కలిసి వచ్చేది. అందులో అవకతవకలు జరుగుతున్నాయన్న ఆరోపణలతో 2024 నవంబరు 18న టీటీడీ పాలకమండలి ఈ కోటాలను రద్దు చేసింది. నిర్ణయం పత్రికల్లో వచ్చింది, కానీ "బస్సుతోపాటు దర్శనం" అన్న అలవాటు జనం మనసులో ఉండిపోయింది. ఆ ఖాళీలోకి ప్రైవేటు ప్యాకేజీ దూరింది. పాత కోటా పేరు చెప్పి ఎవరైనా టికెట్ ఇస్తామంటే అది ఎక్కడి కోటా అని అడగాల్సిందే.

దర్శనం కోసం ప్రజాప్రతినిధులు ఇచ్చే సిఫార్సు లేఖలది ఇంకో కథ. తెలంగాణ శాసనసభ్యుల, ఎంపీల లేఖలకు తిరుమలలో చెల్లుబాటు ఉండాలా వద్దా అన్నది రెండు రాష్ట్రాల మధ్య చర్చగా మారి, 2025లో పరిమితంగా అనుమతించారు. లేఖ ఉచితంగా ఇచ్చేది. అది చేతులు మారేకొద్దీ ధర పలుకుతుంది, నకిలీ సంతకాలతోనూ తిరుగుతుంది. లేఖ కొన్నవాడు బాధితుడే కాదు, దొరికితే నిందితుడు కూడా కావొచ్చు. ఈ సంగతి అమ్మేవాడు చెప్పడు.

సాంకేతికత కొంత పని చేసింది. 2023 మార్చి నుంచి టీటీడీ ముఖం గుర్తించే కెమెరాలను సర్వదర్శనంలో, గదుల కేటాయింపులో వాడటం మొదలుపెట్టింది. ఒకరి పేరు మీది టోకెన్‌తో మరొకరు వెళ్లడం కష్టమైంది. పెరూలో మచుపిచ్చుకు వెళ్లే ఇన్కా కాలిబాట మీద ఇదే సూత్రం ఎప్పటినుంచో అమల్లో ఉంది. అక్కడ కూలీలు, గైడ్లతో కలిపి రోజుకు 500 మందినే వదులుతారు, అనుమతి పాస్‌పోర్టు నంబరుకు కట్టుబడి ఉంటుంది, ఇంకొకరికి బదలాయించడం కుదరదు. పేరు మార్చలేని టికెట్‌కు బ్లాకులో విలువ లేదు. అయితే దళారీ మాయం కాలేదు. అసలు టికెట్ అమ్మలేనివాడు ఇప్పుడు టికెట్ బొమ్మ అమ్ముతున్నాడు, వాట్సాప్‌లో వచ్చే పీడీఎఫ్ రూపంలో.

పాత యాత్రికుల లెక్కలు

ఇదంతా ఫోన్లతో పుట్టిన వ్యవహారం అనుకుంటే పొరపాటు. మద్రాసు నుంచి 1830 మేలో కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామి తిరుపతి, అహోబిలం, శ్రీశైలం చూసుకుంటూ హైదరాబాదు చేరాడు. ఎక్కడ ఏ సుంకం కట్టాలి, బోయీల కూలి ఎంత, క్షేత్రంలో ఎవరు ఏ పేరుతో వసూలు చేస్తారు అన్న సంగతులు ఆయన కాశీయాత్ర చరిత్రలో ఓపిగ్గా రాసిపెట్టాడు. అప్పట్లో తిరుమల ఆదాయం ఈస్టిండియా కంపెనీ చేతుల్లో ఉండేది. 1843లో అది హాథీరాంజీ మఠం మహంతులకు, 1933లో టీటీడీకి వచ్చింది. వీరాస్వామి పుస్తకాన్ని యాత్రా సాహిత్యంగా చదువుతాం గానీ, వెనకవచ్చేవాళ్లు ఎక్కువ ఇచ్చుకోకుండా రాసిన ధరల పట్టీగానూ చదవొచ్చు.

అడవి దారులు: నల్లమల, శేషాచలం

నల్లమలలో నడకకు పేరున్న దారి వెంకటాపురం నుంచి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా కైలాసద్వారం చేరేది. రెడ్డిరాజుల కాలంలో శ్రీశైలానికి మెట్లు కట్టించిన కీర్తి ప్రోలయ వేమారెడ్డిది. ఉగాదికి కన్నడ భక్తులు వేలల్లో, శివరాత్రికి మనవాళ్లు ఈ దారిన వస్తారు. ఆ రోజుల్లో దారిపొడవునా అన్నదానాలు, మంచినీళ్లు ఉంటాయి కనుక దోపిడీకి అవకాశం తక్కువ. ఇక్కడి ఇబ్బందులు నడక అయ్యాక గదుల దగ్గరే.

తెలంగాణ వైపు అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో సలేశ్వరం ఉంది. చైత్ర పౌర్ణమి చుట్టూ కొద్దిరోజులే అటవీశాఖ లోపలికి వదులుతుంది. మిగతా ఏడాదంతా "సలేశ్వరం ట్రెక్" అని ఎవరైనా సోషల్ మీడియాలో సీట్లు అమ్మితే అది అనుమతి లేనిదని ఒక్క తేదీతోనే తెలిసిపోతుంది. అమ్రాబాద్‌లో సఫారీకీ బసకూ అటవీశాఖే ఆన్‌లైన్ బుకింగ్ పెట్టింది, మధ్యవర్తి అవసరం లేదు. ఇంకో సంగతి: మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర శ్రీశైలం రోడ్డును రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మూసేస్తారు. "రాత్రికి రాత్రి చేర్చేస్తా" అని ఎక్కువ కిరాయి మాట్లాడుకున్న క్యాబ్ గేటు ముందు తెల్లారేదాకా నిలబడుతుంది. కిరాయి మాత్రం తగ్గదు.

శేషాచలంలో తుంబురు తీర్థం, కుమారధార లాంటి చోట్లకు ముక్కోటి రోజుల్లో భక్తులను అనుమతిస్తారు. మామూలు రోజుల్లో ఆ లోయల్లోకి "వీకెండ్ ట్రెక్" పేరుతో తీసుకెళ్లే బృందాల్లో అనుమతి ఉన్నవీ ఉంటాయి, లేనివీ ఉంటాయి. అనుమతి లేకుండా అభయారణ్యంలో అడుగుపెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. పైగా ఇది ఎర్రచందనం అడవి, నిఘా మామూలుగా ఉండదు. పట్టుబడితే నిర్వాహకుడు ఫోన్ ఎత్తడు, కేసు నడిచినవాడి మీద పడుతుంది. డబ్బు కట్టే ముందు అటవీశాఖ ఇచ్చిన అనుమతి పత్రం, దాని మీద తేదీ, మనుషుల సంఖ్య చూపించమనాలి. నిజమైన ట్రెక్కింగ్ క్లబ్బులు అడగకముందే చూపిస్తాయి.

దూరపు కొండలు

కేదార్‌నాథ్‌కు గౌరీకుండ్ నుంచి నడక 16 కిలోమీటర్లు. ఆ నడక చేయలేమనుకునే పెద్దవాళ్లే నకిలీ హెలికాప్టర్ టికెట్లకు లక్ష్యం. 2023 నుంచి ఈ టికెట్లు ఐఆర్‌సీటీసీ హెలీయాత్ర సైటులోనే దొరుకుతున్నాయి. ఇంకెవరు అమ్మినా అనుమానించాల్సిందే. కేంద్ర హోంశాఖ కింద పనిచేసే సైబర్ నేరాల సమన్వయ కేంద్రం 2025 ఏప్రిల్‌లో చార్‌ధామ్ హెలికాప్టర్, హోటల్ బుకింగ్ మోసాల మీద ప్రత్యేకంగా హెచ్చరిక ఇచ్చింది. యాత్ర రిజిస్ట్రేషన్ తప్పనిసరి, కానీ ఉచితం. 2024 మేలో తేదీలు దిద్దిన నకిలీ రిజిస్ట్రేషన్లతో వచ్చిన యాత్రికులను ఉత్తరాఖండ్ పోలీసులు దారిలోనే ఆపి, ఏజెంట్ల మీద కేసులు పెట్టారు. అలా ఆగిపోయినవాళ్లకు హిందీ రాకపోతే పరిస్థితి మరీ కష్టం. గుర్రాలకూ డోలీలకూ ప్రభుత్వ రేట్లుంటాయి, ప్రీపెయిడ్ కౌంటర్‌లో చీటీ తీసుకున్నాకే ఎక్కాలి.

శబరిమలలో వర్చువల్ క్యూ బుకింగుకు రుసుము లేదు. మాల వేసుకున్నవాళ్లను బృందాలుగా తీసుకెళ్లే కొందరు ఏజెంట్లు దీనికీ మనిషికింత అని లెక్క కడతారు. గురుస్వామి ఫోన్‌లో పది నిమిషాల్లో అయ్యే పని అది.

ఈ తరహా మోసాల్లో అన్నిటికంటే పెద్దది బహుశా నేపాల్‌ది. ఎవరెస్ట్ ప్రాంతపు ట్రెక్కర్లకు కొంచెం తలనొప్పి వచ్చినా "ప్రాణాపాయం" అని భయపెట్టి హెలికాప్టర్ పిలవడం, ఆ బిల్లును విదేశీ బీమా కంపెనీల నుంచి రాబట్టడం, ఒకే హెలికాప్టర్‌లో నలుగురిని దించి నలుగురికీ విడివిడిగా పూర్తి బిల్లు వేయడం. 2018లో నేపాల్ ప్రభుత్వం కమిటీ వేసి విచారిస్తే హెలికాప్టర్ సంస్థలు, ట్రెక్కింగ్ ఏజెన్సీలు, ఆస్పత్రులు కలిసి నడిపిన వ్యవహారం బయటపడింది. ఆ దారికి వెళ్లే తెలుగు ట్రెక్కర్లు తెలుసుకోవాల్సింది ఇది: హెలికాప్టర్ ఎక్కే ముందు బీమా కంపెనీకి మనమే ఫోన్ చేయాలి. అలాగని ఎత్తువల్ల వచ్చే జబ్బును తేలిగ్గా తీసుకోకూడదు. తలనొప్పి తగ్గకపోతే కిందికి దిగడమే మందు, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మోసం కానివి

కొండమీద వస్తువుల ధర ఎక్కువైతే ప్రతిసారీ దోపిడీ కాదు. తిరుమలలో 2022 నుంచి ప్లాస్టిక్ నీళ్ల సీసాలు లేవు. గాజు సీసాకు డిపాజిట్ తీసుకుంటారు, ఖాళీ సీసా తిరిగిస్తే ఆ డబ్బు ఇచ్చేస్తారు. తెలియనివాళ్లు నీళ్లకే అంత తీసుకున్నారని గొడవపడుతుంటారు. గోల్కొండలో బాలాహిసార్ దాకా ఎక్కించి చప్పట్ల శబ్దం వినిపించే గైడు, చార్మినార్ దాకా సొరంగం ఉందని కూడా చెబుతాడు. కథ నమ్మనక్కర్లేదు, గైడు గంటసేపు ఎండలో మనతో ఎక్కాడు. గుర్తింపు కార్డు చూసి, ధర కింద మాట్లాడుకుంటే అతని కూలి అతనికి దక్కాలి. మన్ననూరు అడవుల్లో చెంచులు అమ్మే తేనె దగ్గర బేరమాడి నెగ్గినవాళ్లు గొప్పగా చెప్పుకోవడం వింటుంటాం. అందులో గొప్పేమీ లేదు.

ఫిర్యాదు

ఆన్‌లైన్‌లో డబ్బు పోతే మొదట చేయాల్సింది 1930కు ఫోన్. ఎంత త్వరగా చేస్తే అవతలి ఖాతాలో డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. తర్వాత జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేసి ఆ నంబరు బ్యాంకుకు ఇవ్వాలి. కట్టిన రసీదు, వాట్సాప్ సంభాషణ, సైటు చిరునామా కనిపించేలా తీసిన స్క్రీన్‌షాట్ చెరిపేయకూడదు. చాలామంది కోపంలో నంబరు బ్లాక్ చేసి చాట్ తీసేస్తారు, సాక్ష్యం దాంతోనే పోతుంది. బస్సు, హోటల్ సేవల్లో లోపానికి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. తిరుమలలో దళారీ పట్టుబడితే టీటీడీ విజిలెన్స్ సిబ్బందికో కొండమీది పోలీసులకో అక్కడికక్కడే చెప్పాలి.

"తిరుపతిలో జరిగింది కదా, ఇక్కడ తీసుకోరు" అని ఇంటికొచ్చాక ఊరుకునేవాళ్లే ఎక్కువ. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ పోలీసు స్టేషన్‌లోనైనా సమాచారం నమోదు చేయొచ్చు. జీరో ఎఫ్‌ఐఆర్ అనేది దీన్నే. పాత 420 సెక్షన్ స్థానంలో ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 318 ఉంది. అలిపిరి దగ్గర మోసపోయిన మలక్‌పేట కుటుంబం చాదర్‌ఘాట్ పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు రాసివ్వొచ్చు. కాగితం అక్కడి నుంచి తిరుపతికి వెళుతుంది.